ఊపిరి బిగబట్టేవాళ్లకు సెలవు రోజు

ఒక్క ఊపిరితో లోతుకు దిగే ఫ్రీడైవింగ్ నేర్చుకునే ఎవరికైనా సీఓటూ టేబుల్ అనే సాధన తప్పదు. ఎనిమిది విడతలు ఒకే నిడివి ఊపిరి బిగబట్టాలి. మధ్యలో ఇచ్చే విరామం మాత్రం ప్రతిసారీ 15 సెకన్ల చొప్పున తగ్గుతూ పోతుంది. సగం దాటేసరికి పక్కటెముకల కింద డయాఫ్రం దానంతటదే ఎగిరెగిరి పడుతుంది. ఆక్సిజన్ అయిపోయి కాదు, రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరిగి. ఆ కుదుపుల్ని పట్టించుకోకుండా, కనుబొమ్మ కూడా ముడవకుండా పడుకోవడమే ఈ విద్య. నాకు చాలా ఇష్టమైన విద్య.

చిక్కంతా అక్కడే ఉంది. శరీరం ‘చాలు’ అంటే వినకపోవడాన్నే సాధన చేసే మనిషికి, అదే శరీరం ‘ఇవాళ వద్దు’ అంటే ఎలా వినపడుతుంది? పరుగెత్తేవాళ్లకు పిక్కలు పట్టేస్తాయి, ఆగుతారు. ఊపిరితిత్తుల లోపలి కణజాలానికి నొప్పే తెలియదు. 70 మీటర్ల లోతున పీడనం పైనున్నదానికి ఎనిమిది రెట్లు. ఛాతీలోని గాలి ఎనిమిదో వంతుకు కుంచించుకుపోతుంది. ఆ చోటు పూడ్చడానికి చేరిన రక్తంతో సన్నటి నాళాలు ఉబ్బి, ఒక్కోసారి చిట్లుతాయి. డైవర్లు దాన్ని స్క్వీజ్ అంటారు. ఉమ్మిలో ఎర్రజీర కనపడితే తెలుస్తుంది, లేకపోతే లేదు.

ఫ్రీడైవర్ నికొలస్ మెవోలికి తెలిసింది. 2013 నవంబరులో బహామాస్‌లోని డీన్స్ బ్లూ హోల్ పోటీల్లో అంతకుముందు డైవ్‌లోనే రక్తం దగ్గాడు. అయినా నవంబరు 17న ఫిన్స్ లేకుండా 72 మీటర్లకు దిగాడు. 68 మీటర్ల దగ్గర ఆగి, వెనక్కి తిరగబోయి, మళ్లీ కిందికే వెళ్లాడు. మూడున్నర నిమిషాలు దాటాక పైకొచ్చి, బాగానే ఉన్నానని సైగ చేసి, స్పృహ తప్పాడు. బతకలేదు. వయసు 32. ఆ 68వ మీటరు దగ్గరి తటపటాయింపు నన్ను ఇప్పటికీ వదలదు. ఆ క్షణంలో శరీరం మాట గెలవాల్సింది.

అందుకే విశ్రాంతి ఎప్పుడన్నది మనసుకు వదలకూడదంటాను. పొద్దున మంచం దిగకముందే నాడి చూసుకుంటాను. అది రోజూకంటే ఎక్కువగా కొట్టుకుంటూ, ఊపిరి బిగబడితే తొలి కుదుపు కూడా ముందే వస్తుంటే ఆ రోజు టేబుల్ లేదు. తిండి, నిద్ర, కాసేపు నడక. నీళ్లలోకి ఒంటరిగా ఎలాగూ దిగకూడదు, కాబట్టి తోడు వచ్చేవాళ్లకు నన్ను ఆపే హక్కు ముందే ఇచ్చేస్తాను. రక్తం పడితే మాత్రం డాక్టరు సరేననేదాకా లోతు మాటే ఎత్తకూడదు. పోటీ రేపే ఉన్నా సరే.