చెవి నేర్చిన పని

ఆడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఆడాసిటీకి అలవాటుపడ్డ చెయ్యి, అలాంటి మరో సాఫ్ట్‌వేర్ రీపర్ ముందు తడబడుతుంది. బటన్లు వేరే చోట ఉండటమే కారణమనుకుంటారు చాలామంది. నా దృష్టిలో అది చిన్న సంగతి. అసలు తేడా శబ్దాన్ని ఆ సాఫ్ట్‌వేర్ ఏమనుకుంటుందన్న దగ్గరే ఉంది. ఆడాసిటీలో ఒక మాటను సెలెక్ట్ చేసి డిలీట్ కొడితే అది పోయి, తర్వాతి మాట ముందుకు జరుగుతుంది. రీపర్‌లో ఆ మాటకు అటూ ఇటూ 'ఎస్' నొక్కి కోసి, నడిమి ముక్క తీసేసినా ఖాళీ అలాగే ఉంటుంది. రిపుల్ ఎడిటింగ్ ఆన్ చేస్తేనే వెనకది వచ్చి అతుక్కుంటుంది. రీపర్ అసలు రికార్డింగును ముట్టుకోదు. ఎక్కడ కోశామో, ఏ ఎఫెక్ట్ పెట్టామో రాసిపెట్టుకుని, ప్లే చేసినప్పుడు ఆ ప్రకారం వినిపిస్తుంది. అన్నీ కలిపి కొత్త ఫైలు చేయడమే అక్కడ 'రెండర్'. ఈ ఒక్క సంగతి బోధపడ్డాక మిగతావి వెతుక్కుంటే దొరికేవే.

దొరకనిది చెవి. అది ఏ మెనూలోనూ ఉండదు, సాఫ్ట్‌వేర్ మారితే పోదు కూడా. ఉదాహరణకు, తెలంగాణలోని డోంగ్లి మండలం మహారాష్ట్ర సరిహద్దును ఆనుకుని ఉంది. అక్కడి పెద్దమనిషి మాట రికార్డు చేస్తే తెలుగు వాక్యంలో మరాఠీ మాట దొర్లడం సహజం. దాన్ని తప్పనుకుని కోసేస్తే ఆ ఊరే మాయమవుతుంది. ఇంకా చిన్నది చూడండి. 'పట్టు' అన్నప్పుడు 'ట్ట' పేలేముందు గొంతు క్షణంలో చిన్న భాగంపాటు ఆగుతుంది. తెర మీద అక్కడ గీత చదునుగా కనిపిస్తుంది. కంటితో ఎడిట్ చేసేవారు ఖాళీ అనుకుని దాన్ని తీసేస్తే మాట 'పటు' అయిపోతుంది. విని కోసేవారు ఏ సాఫ్ట్‌వేర్‌లోనైనా దాని జోలికి పోరు.

చెవి పరికరం కంటే ముందే సిద్ధమవుతుందనడానికి ఒక ఉదాహరణ ఉంది. జహీరాబాద్ దగ్గర మాచ్‌నూరులో దళిత మహిళలు నడిపే సంఘం రేడియో 2008 అక్టోబర్ 15న ప్రసారాలు మొదలుపెట్టింది. లైసెన్సు రాక ముందే వాళ్లు ఏళ్లపాటు కార్యక్రమాలు రికార్డు చేసుకుంటూ వచ్చారు. ట్రాన్స్‌మిటర్ తర్వాత వచ్చింది, వినడం, ఎంచడం ముందే వచ్చాయి.

మరి పాత సాఫ్ట్‌వేర్ బాగానే పనిచేస్తుంటే కొత్తదానికి మారడమెందుకన్న ప్రశ్న న్యాయమైనదే. వారం వారం గడువు తరుముతున్నవారిని మారమని నేనూ అనను. కానీ పాతది పాతగానే ఉంటుందన్న భరోసా లేదు. కూల్ ఎడిట్ ప్రో అనే ఎడిటర్‌ను 2003లో అడోబీ కొనేసింది, అది ఆడిషన్ అయింది. ఆడాసిటీలోనే 2022లో వచ్చిన 3.2తో, అసలు రికార్డింగును మార్చకుండా, ప్లే అవుతుండగానే పనిచేసే ఎఫెక్టులు చేరాయి. అంటే కదలకుండా కూర్చున్నవారి దగ్గరికే కొత్త పద్ధతి వచ్చింది. షార్ట్‌కట్‌లన్నీ పాతవాటిలా మార్చుకుంటే సరిపోదా అంటారు ఇంకొందరు. రీపర్‌లో ఆ వీలుంది, వాడుకోవచ్చు కూడా. కాకపోతే మొదటి రోజే ఆ పని చేస్తే వేళ్లకు సుఖమే గానీ, ఖాళీ ఎందుకు మిగిలిందో ఎప్పటికీ తెలియదు. ఐదు నిమిషాల ముచ్చట ఒకటి తీసుకుని, రికార్డింగు నుంచి రెండర్ దాకా కొత్తదాంట్లోనే పూర్తి చేశాక, అప్పుడు మార్చుకోండి.