పొడుగు కత్తి, పొట్టి చేయి

హైదరాబాదు పాతబస్తీలో మూసీ ఒడ్డున నున్న సాలార్‌జంగ్ మ్యూజియములో కత్తులు, బాకులు, ఢాలులు పెక్కు కలవు. వానిని చూడవచ్చిన బాలురలో పొడుగైన కత్తి యెదుట నిలిచి "ఇది పట్టినవాడిదే గెలుపు" అనని వాడు అరుదు. ఇదే మాట నేడు వీడియో ఆటలయందును వినబడుచున్నది. ఎదుటివాడు కత్తి పాత్రను ఎంచుకొనగానే, పిడికిలి పాత్రవాడు "ఇక ఓటమే, ఆటలో న్యాయము లేదు" అని యంత్రమును క్రింద పెట్టును. ఈ ఫిర్యాదులో నిజమెంత? 2018లో జపానుకు చెందిన నింటెండో సంస్థ వెలువరించిన, మసాహిరో సకురాయ్ దర్శకత్వమున తయారైన 'సూపర్ స్మాష్ బ్రదర్స్ అల్టిమేట్' అను ఆటను తీసికొని పరిశీలింతము. ఇందులో కత్తివీరులకు కొదువ లేదు. లిటిల్ మాక్ వంటి ముష్టియోధులును కలరు.

ఈ ఆటలో సెకనుకు 60 చిత్రములు తెరపై మారును. ఒక్కొక్క చిత్రమును ఆటగాండ్రు ఫ్రేము అందురు. మనిషి కంటితో చూచి వ్రేలు కదపుటకు సెకనులో అయిదవ వంతు మొదలు నాలుగవ వంతు వరకు, అనగా 12 నుండి 15 ఫ్రేములు పట్టును. ఇక లెక్కకు కొన్ని అంకెలు ఊహింతము (ఇవి ఆటలోని ఏ పాత్రవియు కావు). కత్తి అందు దూరము 1.5 మీటరులు, పిడికిలి అందు దూరము 0.7 మీటరు. నడుమనున్న 0.8 మీటరు పట్టీయే ప్రమాద స్థలము. అందున్నవానికి దెబ్బ తగులును గాని వాడు కొట్టలేడు. సెకనుకు 4 మీటరుల వేగముతో ఉరికినచో ఈ పట్టీని దాటుటకు 12 ఫ్రేములు కావలెను.

కత్తి దెబ్బ మొదలై తగులుటకు 8, తగిలే స్థితిలో 3, కత్తి వెనుకకు మరలుటకు 20, మొత్తము 31 ఫ్రేములనుకొందము. పట్టీ వెలుపలి అంచున నిలిచినవాడు వేటు మొదలగుట చూచి 13వ ఫ్రేమున కదలెను. 25వ దానికి దగ్గరకు చేరెను. అతని గుద్దుకు 5 ఫ్రేములు. 30వ దానికి దెబ్బ తగిలెను! కత్తివాడు ఇంకను తేరుకొనలేదు. అతడే జానెడు వెనుకగా నిలిచియున్నచో మరి మూడు ఫ్రేములు పట్టి, 33వ దానికి చేరును. అప్పటికి కత్తి మరల సిద్ధము. కత్తికి జంకి దూరదూరముగా తిరుగువాడు ఓడుట ఇందువలననే. పట్టీ లోపల నిలువరాదు, అంచును విడువరాదు. ఒకమారు లోపలికి చేరినపిదప పొడుగు కత్తికి పొడవే బరువు. అక్కడినుండి వెనుదిరుగుట తెలివితక్కువ.

కావున న్యాయము లేదను మాట చెల్లదు. ఈ తూకము వేయుటలో ఆట నిర్మాతలు మంచి నేర్పు చూపిరి. 2020 డిసెంబరులో చేర్చిన సెఫిరోత్ కత్తి మిక్కిలి పొడవు. కాని అతని శరీరము తేలిక, గట్టి దెబ్బకు త్వరగా ఎగిరిపోవును.

అయినను భౌతికశాస్త్రము దృష్టితో చూచిన ఈ ఆటలో లోపములు కలవు. మందము, వెడల్పు మారక కత్తి పొడవు రెట్టింపైనచో బరువును రెట్టింపగును, పిడివద్ద తిప్పుటకు గల జడత్వ భ్రామకము ఎనిమిది రెట్లగును. సెఫిరోత్ కత్తికి ఈ ఎనిమిది రెట్లు ఎక్కడ? ఉన్నట్లు కానరాదు. ఇక కత్తి శరీరములో భాగము కాదు. దానిని గుద్దినచో రెండు దెబ్బలును ఆగిపోవచ్చును గాని, పట్టినవాని చేతికి నొప్పి లేదు. నిజమునకు కత్తి కొనను ప్రక్కకు తోసినచో, ఆ కొద్ది బలమే పొడవుచే గుణింపబడి మణికట్టును త్రిప్పివేయును. ఢాలు పట్టినవానికి ఇది పెద్ద సాయము. ఈ ఆటలో పిడికిలివాడు పోగొట్టుకొన్న హక్కు ఇదియే యని నా అభిప్రాయము.

అన్నిటికంటె చర్చింపదగినది మార్త్ అను వీరుని కత్తి. దాని కొన తగిలిననే దెబ్బ గట్టిది. రాయ్ అను మరియొకనికి పిడిదగ్గర తగిలిన దెబ్బ గట్టిది. కొన వేగముగా కదలుననుట నిజమే. కాని కొనతో కొట్టినచో చేయి అదురును, వేటులో కొంత వ్యర్థమగును. పిడిదగ్గర వేగమే లేదు. అంతటను ఒకే మందము గల కర్రను ఒక కొసన పట్టి తిప్పినచో, పట్టినచోటినుండి పొడవులో మూడింట రెండువంతుల వద్ద కొట్టిననే చేతికి అదురు తగలదు. దీనిని ఆఘాత కేంద్రము అందురు. కొనకు పోనుపోను సన్నబడు కత్తికి ఈ స్థానము కొంత మారును. మార్త్, రాయ్ ఇద్దరి కథయు దీనికి అటునిటుగా తప్పినది.

ఉపాధ్యాయులు దీనిని తరగతిలోనే చూపవచ్చును. 90 సెంటీమీటరుల కర్రను కొసన వదులుగా పట్టించి, బల్ల అంచుపై 30, 60, 85 సెంటీమీటరుల వద్ద కొట్టించవలెను. ఎక్కడ చేయి అదరలేదో విద్యార్థి తానే చెప్పును. ఆ పిదప మ్యూజియమునకు తీసికొనిపోయి, కఠారి వద్ద నిలుపవలెను. దాని పిడి అడ్డుగా ఉండును. పిడికిలి బిగించి పట్టినచో అలుగు ముంజేతి వరుసలోనే ముందుకు సాగును. అది పొట్టి ఆయుధము, 0.8 మీటరు పట్టీని దాటిన తరువాత మాత్రమే పనికివచ్చునది. దాటుటకు ఎన్ని ఫ్రేములో విద్యార్థులే లెక్కించుకొందురు.

ఒక్క సంగతి. ఇంటి టెలివిజన్ బొమ్మను మెరుగుపరచుటకు సమయము తీసికొనును. ఆ జాగు సెకనులో ముప్పదవ వంతైనను రెండు ఫ్రేములు పోయినట్లే, మన 30వ ఫ్రేము గుద్దు 32కు జారును. ఆటల కొరకని టెలివిజన్‌లో వేరుగా ఒక అమరిక ఉండును. ఓడినవాడు కత్తిని నిందించుటకు ముందు దానిని చూచుకొనవలెను.