పోపు లేడు సరే, పెద్దరికం ఎవరిది?

ఇస్లాంలో పోపు లేడు, పూజారి కులం లేదు, కాబట్టి మతాధికారం ఒకచోట పోగుపడదని మన మీటింగుల్లో తరచూ అంటుంటారు. సగం నిజమే. ఫత్వా అంటే ముఫ్తీ అభిప్రాయం. దానికి చట్టబలం లేదని 2014లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. ఒక ముఫ్తీ కాదంటే ఇంకో ముఫ్తీ దగ్గరికి పోవచ్చు.

అయితే అట్లా చెదిరిన అధికారం ఎవరి చేతుల్లో పడిందో చూడాలి కదా! దేవబందీ పండితుడు అష్రఫ్ అలీ థాన్వీ 20వ శతాబ్దం తొలినాళ్లలో ఆడవాళ్ల కోసం ఉర్దూలో ‘బహిష్తీ జేవర్’ రాశాడు. పెళ్లికి ‘కుఫూ’, అంటే సరిజోడు, ఎవరో కూడా అందులో చెప్పాడు. నేతపనివాళ్లు దర్జీలకు సాటి కారట. మంగలి, చాకలి కూడా కారట! ఏ పీఠమూ దీన్ని ఆజ్ఞగా పంపలేదు. పెళ్లికూతురి సామాన్లలో పెట్టి పంపారు, అంతే. ఆజ్ఞనైతే ధిక్కరించొచ్చు. పుట్టింటి వాళ్లు ముద్దుగా ఇచ్చిన పుస్తకాన్ని ఎట్లా ధిక్కరిస్తారు?

థాన్వీది హనఫీ సంప్రదాయం. సరిజోడు విషయంలో మాలికీ సంప్రదాయం వంశం, వృత్తి కన్నా ధర్మనిష్ఠకే పెద్దపీట వేసింది. భర్త జాడ తెలియని ఆడవాళ్లకు విడుదల దొరకాలని 1930ల్లో ఈ థాన్వీయే మాలికీ తీర్పును తెచ్చుకున్నాడు. మెచ్చుకోవాల్సిన పనే. మరి నేతగాడి దగ్గరికొచ్చేసరికి ఆ దారి ఎందుకు మూసుకుపోయింది? వికేంద్రీకరణ అంటే ఎంచుకునే వీలు. ఆ వీలు అష్రఫుల దగ్గరే ఉండిపోయింది.

పీఠమే ఉంటే దాని ముందు ధర్నాకు కూర్చుందుము. ఇక్కడ ఎవర్ని నిలదీసినా ‘అది ఆయన అభిప్రాయం’ అని తప్పుకుంటారు. అందుకే మసూద్ ఆలం ఫలాహీ 2007లో తన ఉర్దూ పుస్తకంలో ఉలేమా రాతల్లోని కులాన్ని పేరుపేరునా బయటపెట్టాల్సొచ్చింది. ఆయనా మదర్సాలో చదువుకున్నవాడే.