డెల్ఫీలో పలికిందెవరు? ‘అసాసిన్స్ క్రీడ్ ఒడిస్సీ’లో పిథియా పాత్ర

యూబీసాఫ్ట్ సంస్థ 2018లో విడుదల చేసిన ‘అసాసిన్స్ క్రీడ్ ఒడిస్సీ’ వీడియోగేమ్, క్రీ.పూ. 431లో మొదలైన పెలొపొనీసియన్ యుద్ధకాలపు గ్రీసును కథాభూమిగా స్వీకరించింది. ఆడేవారు కసాండ్రా, అలెక్సియోస్ అనే తోబుట్టువుల్లో ఒకరిని ఎంచుకొని కథ నడుపుతారు. కథకంతటికీ మూలం ఒక జోస్యం. ఆ ఇంట పుట్టిన పసిబిడ్డ వల్ల స్పార్టాకు పతనం తప్పదని డెల్ఫీలోని అపోలో ఆలయంలో పిథియా చెబుతుంది. టాయిగెటస్ కొండ మీద ఆ శిశువును బలి ఇవ్వబోగా అడ్డుపడిన పెద్దబిడ్డను, తండ్రి నికొలావోస్ తన చేతులతోనే లోయలోకి వదిలేస్తాడు. ఏళ్ళ తర్వాత డెల్ఫీకి చేరిన కసాండ్రా పిథియాను నిలదీసినప్పుడు నిజం బయటపడుతుంది. ఆమె పలుకుతున్నవి అపోలో మాటలు కావు. ముసుగులు ధరించి రహస్యంగా సమావేశమయ్యే ‘కల్ట్ ఆఫ్ కాస్మోస్’ అనే కూటమి ఆమెతో పలికిస్తున్న మాటలు.

ఈ కల్పన నిరాధారమైనది కాదు. స్పార్టా రాజు క్లియోమెనీస్ తన సహపాలకుడు డెమరాటస్‌ను తొలగించడానికి డెల్ఫీలో పలుకుబడి గల కోబోన్ ద్వారా పెరియల్లా అనే పిథియాను లోబరచుకున్నాడని హెరొడోటస్ నమోదు చేశాడు. ఆల్క్‌మియోనిడ్ వంశీయుల మీద కూడా అటువంటి ఆరోపణనే ఆయన ప్రస్తావించాడు. ఆ హెరొడోటస్‌నే ఆటలో కసాండ్రాకు సహప్రయాణికుడిగా నిలపడం రచయితల చరిత్రజ్ఞానాన్ని సూచిస్తుంది. అయితే హెరొడోటస్ కథనంలో మోసం బయటపడగానే పెరియల్లా పదవి కోల్పోయింది, కోబోన్ డెల్ఫీ విడిచి పారిపోయాడు. అంటే అది వ్యవస్థకు పట్టిన మచ్చ. ఆటలో ఆ మచ్చే వ్యవస్థ స్వరూపమైంది.

దీనివల్ల జరిగిన నష్టం చిన్నది కాదు. డెల్ఫీ వాక్కు బలం దాని సందిగ్ధతలో ఉందని, దానికి అర్థం కల్పించే బాధ్యత విన్నవారిదని హెరొడోటస్ కథనాలు పదేపదే చూపుతాయి. క్రీ.పూ. 480లో పర్షియన్ దండయాత్ర ముంగిట, చెక్కగోడ కాపాడుతుందన్న వాక్కు ఏథెన్స్‌కు చేరింది. అది అక్రోపొలిస్ చుట్టూ ఉన్న కంచె అని కొందరన్నారు. నౌకాదళమని థెమిస్టోక్లీస్ వాదించి నెగ్గాడు. నిర్ణయం పౌరసభలో జరిగింది. తప్పొప్పులకు పౌరులే బాధ్యులు. ఆటలో అటువంటి వ్యాఖ్యానానికి తావు లేదు. జోస్యం సూటిగా ఉంటుంది, దాని వెనుక కుట్ర ఉంటుంది, కుట్రదారుల్ని ఏరివేయడమే కర్తవ్యమవుతుంది. అడుగడుగునా సంభాషణల్లో ఎంపికకు అవకాశమిచ్చే ఆట, ఎంపికకు అసలైన స్థానమైన జోస్యార్థం దగ్గర మాత్రం ఆ అవకాశాన్ని ఇవ్వకపోవడం విచిత్రం. నికొలావోస్ నేరభారం సైతం కొంతమేర కూటమి మీదికి మళ్ళుతుంది. ప్లూటార్క్ ప్రకారం స్పార్టాలో శిశువుల్ని పరీక్షించి విడిచిపెట్టాలని నిర్ణయించింది తెగ పెద్దలు; అందులో డెల్ఫీ ప్రమేయం లేదు.

నిజానికి ఈ యుద్ధంలో డెల్ఫీ పక్షపాతానికి ముసుగులు అవసరం లేకపోయింది. శక్తివంచన లేకుండా పోరాడితే గెలుపు మీదే, పిలిచినా పిలవకున్నా మీకు తోడుంటానని అపోలో స్పార్టన్లకు బదులిచ్చినట్లు థుసిడిడీస్ రాశాడు. రహస్యకూటమి కంటే ఈ బాహాటపు పక్షపాతమే ఎక్కువ నాటకీయమైనది. కథాగమనంలో దానికి దక్కిన ప్రాధాన్యం స్వల్పం.

పిథియా నోరు మాత్రమే, మాట పరాయిదన్న భావన ఈ ఆటతో పుట్టలేదు. ఆమె ఆవేశంలో అర్థంలేని ధ్వనులు చేసేదని, పురుష పూజారులు వాటిని పద్యాలుగా మలిచేవారని ఆధునిక పండితులు చాలాకాలం నమ్మారు. 1978లో జోసెఫ్ ఫాంటెన్‌రోజ్, ఆ తర్వాత 1995లో లీసా మారిజియో ఈ నమ్మకాన్ని ఖండించారు. దేవతావేశంపై మానవశాస్త్ర పరిశోధనల ఆధారంగా, ఆ వాక్కులకు కర్త్రి పిథియాయేనని మారిజియో వాదించారు. (తెలుగులో ‘పూనకం’ అనగానే ఒళ్ళు తెలియని స్థితి స్ఫురిస్తుంది గనుక ఆ పదాన్ని ఇక్కడ ఆచితూచి వాడవలసి ఉంటుంది.) డెల్ఫీలోనే పూజారిగా పనిచేసిన ప్లూటార్క్ ఇంకా స్పష్టంగా చెప్పాడు: దేవుడు ఇచ్చేది ప్రేరణ, దర్శనం, గొంతు, మాట, ఛందస్సు ఆ స్త్రీవే. ఆయన కాలపు పిథియా పేద రైతు కుటుంబం నుంచి వచ్చిన స్త్రీ. అటువంటి స్త్రీ మాట కోసం రాజులు, నగరరాజ్యాల దూతలు కానుకలతో వచ్చి వేచి ఉన్నారు. పాత పూజారుల సిద్ధాంతానికి ముసుగు తొడిగి ఆట ఆమెను మళ్ళీ మూగను చేసింది. ఆమెపై జాలి చూపుతుంది, నిజమే. కానీ ఆ జాలిలో ఆమె కర్తృత్వానికి చోటు లేదు.

దృశ్యరచనలో మాత్రం ఆట ప్రశంసార్హం. కొండవాలున మెలికలు తిరిగే పవిత్రమార్గం, నగరాలు కట్టించిన నిధిగృహాలు, రంగులద్దిన శిల్పాలు, తెల్లరాతి శిథిలాలకు అలవాటుపడిన చూపును సరిదిద్దుతాయి.

స్త్రీలకు జోస్యస్థానంలో ప్రవేశం లేదని ప్లూటార్క్ రచన తెలుపుతుంది. ఆట ఆ నిషేధాన్ని పట్టించుకోకుండా కసాండ్రాను లోపలికి పంపుతుంది. ఆమె పేరే అపోలో శాపానికి గురై, నిజం చెప్పినా ఎవరూ నమ్మని ట్రాయ్ రాకుమార్తెది. అపోలో సంబంధం గల ఇద్దరు స్త్రీలు ఎదురెదురుగా నిలిచిన ఆ సన్నివేశంలో కసాండ్రాకు కావలసిందల్లా ఆ మాటలు పలికించిందెవరన్నదే. పిథియా స్వయంగా ఏమి చూసిందన్న ప్రశ్న అక్కడ తలెత్తదు.