ఒకజాకి అంటే ఎంజైమా సార్?

ఏటా ఎవరో ఒకరు అడుగుతారు. ఈసారి వెనక బెంచీ నుంచి వచ్చింది: "ఒకజాకి అంటే ఎంజైమా సార్?" తప్పు ఆ పిల్లాడిది కాదు. 'ఒకజాకి ముక్కలు అనగానేమి?' అన్నది రెండు మార్కుల ప్రశ్న. రెండు మార్కుల్లో మనుషులకు చోటెక్కడ?

డీఎన్ఏ ప్రతికృతి పాఠానికి నేను రెండు పేటల కొబ్బరితాడు పట్టుకెళ్తాను. ఒక కొస కిటికీ ఊచకు కట్టి, రెండో కొస నుంచి పేటలు విడదీయమంటాను. అది హెలికేజ్ పని. విడదీసేకొద్దీ ముందున్న తాడు బిగుసుకుని మెలిపడుతుంది. ఆ బిగువు సడలించేది టోపోఐసోమరేజ్. బాక్టీరియాలో ఈ పని చేసే గైరేజ్‌నే మన సిప్రోఫ్లాక్సాసిన్ మాత్ర దెబ్బతీస్తుందని చెబితే, కునుకు తీసేవాళ్లు కూడా తలెత్తుతారు.

అసలు చిక్కు ఆ తర్వాతే. పేటలు రెండూ ఎదురెదురు దిక్కులవి. కొత్త పేట అల్లే పాలిమరేజ్‌కేమో ఒక్క దిక్కునే అల్లడం వచ్చు. ఒక పేట మీద ఆగకుండా సాగిపోతుంది. రెండోదాని మీద కొంత అల్లడం, మళ్లీ ముందుకెళ్లి కొత్తగా మొదలెట్టడం. అలా పుట్టేవే ఒకజాకి ముక్కలు. మనలో ఒక్కో ముక్క 100 నుంచి 200 న్యూక్లియోటైడ్లు, బాక్టీరియాలో వెయ్యి పైనే. ప్రతి ముక్కకూ ప్రైమేజ్ మొదలు పెట్టివ్వాలి, చివర్లో లైగేజ్ అతుకు వేయాలి.

దీన్ని 1960లలో పట్టుకున్నది జపాన్‌లోని నగోయా విశ్వవిద్యాలయంలో పనిచేసిన రేజీ, త్సునెకో ఒకజాకి దంపతులు. ఇ.కోలైకి రేడియోధార్మిక థైమిడిన్ కొన్ని సెకన్లే అందించి చూస్తే, కొత్తగా పుట్టిన డీఎన్ఏ పొట్టి ముక్కలుగా కనబడింది. లైగేజ్ లోపమున్న టీ4 ఫేజ్‌తో చూస్తే ఆ ముక్కలు అతుకుపడక పేరుకుపోయాయి. దర్జీ రాని రోజు కొట్లో కత్తిరించిన గుడ్డలు కుప్పపడ్డట్టు. ఈ పాఠం మొత్తంలో నాకు ఇష్టమైన ఘట్టం ఇదే.

రేజీ పుట్టింది హిరోషిమాలో. బాంబు పడేనాటికి బడికెళ్లే పిల్లాడు. 1975లో లుకేమియాతో పోయేటప్పటికి 44 ఏళ్లు. ఆ తర్వాత కూడా త్సునెకో ల్యాబ్ వదల్లేదు. ముక్కల ముందుండే ఆర్ఎన్ఏ ప్రైమర్ల నిర్మాణం తేల్చారు.

ఇదంతా చెప్పేసరికి బెల్లు కొట్టారు. బోర్డు మీద 'ఒకజాకి' పక్కన ఒక 'ల' చేర్చాను: ఒకజాకిల ముక్కలు. పేపర్లు దిద్దే తోటి మాస్టార్లకు విన్నపం, ఎవరైనా అలా రాస్తే మార్కు కోయకండి.