మొదటి లైను

దోహాలో ఇల్లు మారినవాళ్లకి కరెంటు సంస్థ కహ్రామా పెట్టే మీటరు తెలిసిందే. మనం తాళం తీసేసరికే దానిమీద ముందున్నవాళ్లు కాల్చిన యూనిట్లు ఉంటాయి. ఎవరూ దాన్ని సున్నా చెయ్యరు. చేరిననాటి రీడింగు రాసుకుని, తర్వాతి రీడింగులోంచి తీసేస్తారు. సర్వర్లు కాసే మా పనిలో ఈ తీసివేతనే తరచూ మర్చిపోతుంటారు.

లినక్సులో సీపీయూ, మెమరీ వాడకం చూపే వీఎమ్‌స్టాట్ కొడితే వచ్చే మొదటి లైనులో సీపీయూ అంకెలు ఇప్పటివి కావు, మిషను బూటైనప్పటినుంచీ సగటు. మెమరీ అంకెలు మాత్రం అప్పటికప్పటివే. సగం నిజం కాబట్టే మిగతా సగాన్ని ఎవరూ అనుమానించరు. ‘మొదటి లైను వదిలెయ్ తమ్ముడూ’ అని సీనియర్లు చెబుతారు, సరే. స్క్రిప్టుకి ఎవరు చెబుతారు? ఐదు నిమిషాలకోసారి ఆ ఒక్క లైనే తీసి గ్రాఫుకి పంపే స్క్రిప్టులు ఇక్కడ చూశాను. నెలల తరబడి రీబూట్ లేని మిషనైతే శుక్ర, శనివారాల ఖాళీ, రంజాన్ నెల పొట్టి పనిగంటలు అన్నీ ఆ సగటులోనే. ఆదివారం పొద్దున సీపీయూకి ఊపిరాడకపోయినా గ్రాఫులో గీత కదలదు. ఒకే కమాండులో రెండు లైన్లు తీసి మొదటిది పారేస్తే సరిపోతుంది. కొత్త వెర్షన్లలో హైఫన్ వై ఆప్షన్ ఆ పని తనే చేస్తుంది.

2022లో మైక్రోసాఫ్ట్, 2023లో గూగుల్ ఖతార్‌లో క్లౌడ్ రీజియన్లు తెరిచాయి. అక్కడ అద్దె వీఎం (వర్చువల్ మిషను)లో ఉన్నవాళ్లకి లోపలి అంకెలే గతి. వీఎంలు నడిచే హోస్టు మన చేతిలో ఉంటే వాటి లెక్కలు చూపే కేవీఎం‌స్టాట్ ఉంది. అందులో లెక్కలు రెండు రకాలు కాబట్టి చిక్కు ఇంకాస్త ముదురు. ట్రేస్‌పాయింట్ల లెక్క టూల్ తెరిచినప్పుడు మొదలవుతుంది, డీబగ్‌ఎఫ్‌ఎస్ కౌంటర్లు వీఎం పుట్టినప్పటినుంచీ పోగవుతుంటాయి. రెండోదానికి తెరవగానే ఒక రీడింగు పక్కన పెట్టుకుని, వచ్చే ప్రతి విలువలోంచీ తీసెయ్యాలి. కాలం కూడా చూసుకోవాలి. మామూలుగా మూడు సెకన్లకోసారి మారే తెర మొదటిసారి పావు సెకనుకే వస్తుంది. దాన్నీ మూడుతో భాగిస్తే వేగం పన్నెండోవంతే కనబడుతుంది.

లైవ్ మైగ్రేషన్‌లో వీఎం ఇంకో హోస్టుకి వెళ్తే కౌంటర్లు అక్కడ మళ్లీ సున్నానుంచి మొదలు. పాత రీడింగు తీసేస్తే మైనస్ వస్తుంది. దాన్ని సున్నాగా మార్చి చూపించడం నాకు గిట్టదు. ఆ గడి ఖాళీగా వదిలేస్తే, షిఫ్టుకొచ్చిన కుర్రాడు ‘ఇదేంటన్నా, ఇక్కడ ఏమీ లేదు?’ అని అడుగుతాడు. సున్నా ఉంటే అడగడు.