‘సంఘం’ ఎవరి కథ? తెలంగాణ పోరాట రచనల్లో గ్రామశాఖ: ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

రాజకీయ పార్టీల చరిత్ర సాధారణంగా మహాసభలు, తీర్మానాలు, నాయకత్వంలోని చర్చల చరిత్రగా లిఖితమవుతుంది. గ్రామశాఖ అందులో ఉదాహరణగా వచ్చి ఉదాహరణగానే వెళ్ళిపోతుంది. పై స్థాయిలో జరిగిన నిర్ణయానికి కింది స్థాయి సాక్ష్యంగా దాన్ని వాడుకోవడమే తప్ప, అక్కడ కూడా నిర్ణయాలు జరిగాయన్న స్పృహ అరుదుగా కనిపిస్తుంది. తెలంగాణ రైతాంగ సాయుధ పోరాటం విషయంలో ఈ లోపం మరింత స్పష్టం. ఆ పోరాటానికి ఊపిరి ఊరి సంఘం. కాని నిషేధం, అజ్ఞాతవాసం, నిర్బంధం వెంటాడిన రోజుల్లో రాతపత్రాలను పదిలపరచుకోవడం ఆ సంఘాలకు సాధ్యమయ్యే పని కాదు. అందువల్ల గ్రామశాఖ చరిత్రకు మనకు మిగిలిన ఆధారాల్లో అధికభాగం తరువాతి కాలపు రచనలే.

ఆ రచనలను స్థూలంగా మూడు తరగతులుగా చూడవచ్చు: ఉద్యమ నాయకులు రాసిన చరిత్రలూ స్వీయానుభవ గ్రంథాలూ ఒకటి, నవలలు రెండు, మౌఖిక వాఙ్మూలాలు మూడు. ఈ మూడూ ఒకే గ్రామశాఖను మూడు వేర్వేరు ‘కర్తలు’గా నిర్మించాయనీ, వాటిలో మొదటిదాన్ని ఆధారంగాను, తక్కిన రెండింటిని దానికి అలంకారంగాను చూసే అలవాటు వల్ల ఊరి సంఘపు స్వంత చరిత్ర మరుగున పడిందనీ నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

పేరులోనే ఉన్న ప్రశ్న

1921లో హైదరాబాదులో ఏర్పడిన ఆంధ్ర జనసంఘం నుంచి 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన జరిగిన తొలి ఆంధ్రమహాసభ వరకు ఈ ఉద్యమం ప్రధానంగా భాషను, విద్యను, గ్రంథాలయాలను, సంస్కరణను కోరిన విద్యావంతులది. 1941లో చిలుకూరులోను, 1944లో భువనగిరిలోను రావి నారాయణరెడ్డి అధ్యక్షతన జరిగిన సభలు దాని స్వభావాన్ని మార్చాయి. భువనగిరి తరువాత మితవాదులు వేరుపడ్డారు. మహాసభ కమ్యూనిస్టుల నాయకత్వంలోకి వచ్చింది. చరిత్ర గ్రంథాలు ఈ పరిణామాన్ని చీలికగా, పంథా మార్పుగా వివరిస్తాయి.

ఊళ్ళో మాత్రం ఈ తేడాలన్నింటికీ ఒకటే మాట: సంఘం. జనవ్యవహారంలో అది ‘సంగం’. ఆంధ్రమహాసభ గ్రామశాఖ, కమ్యూనిస్టు పార్టీ ఘటకం, గుత్పలు పట్టిన వాలంటీర్ల బృందం, తగవులు తీర్చే పంచాయతీ ఇవన్నీ ఆ ఒక్క మాటలో ఇమిడిపోయాయి. వెట్టి, నాగు, లెవీ ధాన్యం, గడి జులుం వీటిపై ఫిర్యాదు చెప్పుకొనే చోటు సంఘం. చరిత్రకారుడికి ఇది అస్పష్టతగా తోచవచ్చు. సాహిత్య విమర్శకుడికి మాత్రం ఇదే తొలి ఆధారం. ఏ సంస్థకు ఏ పేరు ఉన్నదో పై వారు నిర్ణయించారు. ఆ సంస్థ తమకు ఏమిటో ఊరివారు నిర్ణయించుకున్నారు.

నాయకుల చరిత్రలు: బహువచనంలో కరిగిన ఊరు

పుచ్చలపల్లి సుందరయ్య తెలంగాణ పోరాటంపై, దాని గుణపాఠాలపై రాసిన గ్రంథం (ఇంగ్లీషు మూలం 1972), రావి నారాయణరెడ్డి జ్ఞాపకాలు, దేవులపల్లి వెంకటేశ్వరరావు సాయుధ పోరాట చరిత్ర ఈ తరగతిలో ముఖ్యమైనవి. ముగ్గురూ ఒకే ఉద్యమంలో పనిచేసినవారే. కాని 1964 చీలిక, దాని తరువాతి చీలికలు ముగ్గురినీ మూడు దారుల్లో నిలబెట్టాయి. 1948 సెప్టెంబరు సైనిక చర్య తరువాత పోరాటాన్ని కొనసాగించడం సరైనదేనా అన్న ప్రశ్నపై రావి నారాయణరెడ్డి వైఖరి ఒకటి, మిగిలిన ఇద్దరి వైఖరి మరొకటి. కనుక ఈ గ్రంథాలు గతాన్ని నమోదు చేయడంతోపాటు వర్తమాన వాదంలో పక్షం వహిస్తాయి. గ్రామాల అనుభవం ఆ వాదంలో సాక్ష్యంగా ప్రవేశిస్తుంది.

దీనివల్ల వాటి విలువ తగ్గదు. ముఖ్యంగా సుందరయ్య గ్రంథంలో ప్రాంతాలవారీగా సాగిన కథనం, నమోదైన అమరుల పేర్లు గ్రామశాఖ సభ్యుల జాబితాకు మనకు దొరికే అత్యంత సమీపమైన రూపం. అయితే ఆ పేర్లు చాలావరకు మరణంతోనే గ్రంథంలోకి ప్రవేశిస్తాయి. బతికి ఉండగా వారు సంఘంలో ఏం చేశారో, ఏ మాటకు అడ్డు చెప్పారో, ఏ పంపకంలో ఏ వైపు నిలిచారో తెలియదు. మూడు వేల గ్రామాలు, పది లక్షల ఎకరాలు అన్న ప్రసిద్ధమైన లెక్కలు కూడా ఊళ్ళను కూడగా వచ్చినవే. కూడిక పూర్తయ్యాక ఊరు కనిపించదు.

ఒక ఉదాహరణ చాలు. భూస్వాముల వద్ద ఉండదగిన భూమికి సంఘం విధించిన గరిష్ఠ పరిమితి మొదట 500 ఎకరాలు, తరువాత 200, చివరకు 100 ఎకరాల మెట్ట, 10 ఎకరాల తరి అని సుందరయ్య వివరిస్తాడు. ఈ మూడు అంకెల మధ్య ఎంతో చర్చ ఉండి ఉండాలి. ఐదు వందల ఎకరాల పరిమితి వల్ల పంచడానికి భూమి మిగలని ఊళ్ళు ఉంటాయి. రెండు వందల పరిమితి మధ్యతరగతి రైతును ఇంకా తాకదు. వంద ఎకరాల దగ్గరికి వచ్చేసరికి సంఘంలో ఉన్న సంపన్న రైతు ఇంటి గుమ్మమే ఎదురవుతుంది. కూలీకీ, కౌలుదారుకూ, సంఘంలో చేరిన పట్టాదారుకూ మధ్య ఈ ఘర్షణ ఊరి రచ్చబండ దగ్గరే తేలవలసినది. ప్రజల ఒత్తిడి వల్ల పరిమితి తగ్గిందని చెప్పే వాక్యంలో ఆ ఘర్షణ సద్దుమణిగి ఒక పరిపాలనా సవరణగా మారుతుంది. గ్రామశాఖ చరిత్ర రాయదలచినవారికి ఆ వాక్యమే ప్రారంభం కావాలి.

1946 జులై 4న కడవెండిలో విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల కాల్పుల్లో దొడ్డి కొమరయ్య మరణించిన ఘటనను పోరాటానికి ఆరంభబిందువుగా గ్రహించడం సంప్రదాయం. పార్టీ దృష్టిలో అది న్యాయమైన గ్రహింపే. ఊరి దృష్టిలో చూస్తే ఆనాటి ఊరేగింపు అప్పటికే ఉన్న ఒక సంఘం బలం. అంతకు ముందే 1940 ప్రాంతంలో కామారెడ్డిగూడెం బందగీ అదే దేశ్‌ముఖ్ అండ ఉన్నవారితో భూమి కోసం కోర్టుల్లో పోరాడి ప్రాణం పోగొట్టుకున్నాడు. పార్టీ కథనంలో బందగీ ముందుమాట. స్థానిక కథనంలో అతడు మొదటి అధ్యాయం. శాఖ ఏర్పడిన తేదీ నుంచే చరిత్ర మొదలుపెడితే, శాఖను అవసరం చేసిన ఊరి చరిత్ర వెలుపలే ఉండిపోతుంది.

నవల: ఏకవచనంలో నిలిచిన సంఘం

వట్టికోట ఆళ్వారుస్వామి ‘ప్రజల మనిషి’ (1955) ఈ లోటును కొంత పూరించింది. రచయిత స్వయంగా ఆంధ్రమహాసభ కార్యకర్త. 1938లో దేశోద్ధారక గ్రంథమాల స్థాపించి పుస్తకాలను ఊరూరా చేర్చినవాడు. జైలు జీవితం అనుభవించినవాడు. సాయుధ పోరాట విరమణ తరువాత నాలుగేళ్ళకు వెలువడినా ఈ నవల తుపాకుల కాలాన్ని తాకదు. దిమ్మెగూడెం అనే ఊళ్ళో దొర పెత్తనం, వెట్టి, మతమార్పిళ్ళ చుట్టూ నడిచిన రాజకీయం, చదువుకున్న యువకుల్లో మేల్కొన్న ఆలోచన ఇందులోని వస్తువు. అంటే సంఘం ఏర్పడటానికి ముందున్న నేలను ఈ నవల తవ్వి చూపింది. విరమణపై వాదాలు వేడిగా ఉన్న కాలంలో, ఆ వాదాలకు ముందున్న ఊరిని ఎంచుకోవడం రచయిత వివేకం.

ఐతే నవలకు తనవైన నియమాలున్నాయి. పేరును గమనించండి: ప్రజలు బహువచనం, మనిషి ఏకవచనం. కంఠీరవం ద్వారా సంఘచైతన్యం ఊరికి చేరుతుంది. అక్షరం తెలిసిన, పట్నం చూసిన, త్యాగశీలి అయిన వ్యక్తి కేంద్రమవుతాడు. దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్ళు’ (1969) నవలలోనూ బయటి నుంచి వచ్చిన పాణి కళ్ళతోనే గడి లోపలి జీవితం చాలావరకు కనిపిస్తుంది. గ్రంథాలయోద్యమం నుంచి ఎదిగిన రాజకీయానికి ఇది సహజమైన కథారూపమే. కాని ఈ రూపంలో ఊరి కూలి, చాకలి, గొల్ల కురుమలు ప్రధానంగా మేల్కొల్పబడేవారుగా కనిపిస్తారు. వెట్టిని తప్పించుకునే ఉపాయాలు, మౌనంగా చేసే ధిక్కారం, కులపంచాయతీల అనుభవం, కలిసి పనిచేసే అలవాటు వంటివి వారికి సంఘం రాకముందే ఉన్న రాజకీయ విద్య. ఇనుకొండ తిరుమలి వంటి చరిత్రకారులు దొర అధికారాన్ని గ్రామస్థాయిలో విశ్లేషించిన తరువాత ఈ నవలలను మళ్ళీ చదివితే, నాయకుని ప్రసంగాల కంటే వాటి అంచుల్లో ఉన్న పాత్రల ప్రవర్తనలోనే గ్రామశాఖ ఎక్కువగా కనిపిస్తుంది.

వాఙ్మూలం: పనుల భాషలో సంఘం

స్త్రీశక్తి సంఘటన 1986లో వెలువరించిన ‘మనకు తెలియని మన చరిత్ర’ ఈ చర్చను మలుపు తిప్పింది. పోరాటంలో పాల్గొన్న స్త్రీల మాటలను వారి వాడుకభాషలోనే నమోదు చేయడం దాని విశిష్టత. ఇక్కడ సంఘం తీర్మానాల్లో కాక పనుల్లో ఉంటుంది: అన్నం వండిపెట్టడం, కబురు మోయడం, మనిషిని దాచడం, పోలీసుల ముందు తెలియదనడం. పార్టీ చరిత్రలు ‘సహకారం’ అనే ఒక్క మాటలో ముగించిన పనులివి. శాఖ నిత్యజీవితం నిజానికి వీటితోనే నడిచింది. వంట ఆగిన రోజున దళం ఆగుతుంది.

పాలకుర్తి చిట్యాల ఐలమ్మ విషయం ఇందుకు నిదర్శనం. కౌలుకు చేసుకున్న భూమిలోని పంటను దేశ్‌ముఖ్ మనుషులు తరలించుకుపోకుండా సంఘం కార్యకర్తలు ఆమె ఇంటికి చేర్చిన ఘట్టం ప్రసిద్ధం. పార్టీ కథనంలో అది సంఘం ఐలమ్మకు అండగా నిలిచిన సంఘటన. తిరగేసి చూస్తే, దొరను ఎదిరించడానికి సిద్ధపడిన ఒక చాకలి స్త్రీ సంఘానికి ఆ ఊళ్ళో నిలబడే చోటు ఇచ్చింది. ఎవరు ఎవరికి అండ అన్నది కర్తృపదాన్ని బట్టి మారుతుంది. ఈ మార్పు వ్యాకరణ విషయం మాత్రమే కాదు. చరిత్రలో హక్కు ఎవరిదన్న విషయం.

ఆ గ్రంథంలోనే అడవి జీవితంలో పసిబిడ్డను వదులుకోవలసి వచ్చిన కమలమ్మ వాఙ్మూలం ఉంది. శాఖ క్రమశిక్షణ అనే మాటకు అసలు బరువెంతో అక్కడ తెలుస్తుంది. విరమణ తరువాత స్త్రీలు తిరిగి ఇంటి గోడల మధ్యకు వెళ్ళవలసి రావడం ఈ వాఙ్మూలాల్లో పదేపదే వినిపించే వేదన. 1951 అక్టోబరు 21 పార్టీకి విరమణ తేదీ. సంఘమే తొలిసారి బయటి లోకమైన వారికి ఆ తేదీ వేరే అర్థమిచ్చింది. గ్రామశాఖ ఎలా ముగిసింది అన్న ప్రశ్నను ఇంత సూటిగా అడిగిన రచన మరొకటి లేదు.

వాఙ్మూలానికి కూడా పరిమితులున్నాయి. దాదాపు మూడున్నర దశాబ్దాల తరువాతి జ్ఞాపకం మధ్యలో జరిగిన చీలికల నీడను మోస్తుంది. అడిగినవారి ప్రశ్నలు చెప్పినవారి మాటల క్రమాన్ని నిర్ణయిస్తాయి. నాయకురాలిగా ఎదిగిన మల్లు స్వరాజ్యం ఆత్మకథ ‘నా మాటే తుపాకి తూటా’ (2019)లోని కంఠస్వరం, సంస్థలో ఏ పదవీ లేని స్త్రీ స్వరం ఒకటి కావు. రెండింటినీ ‘స్త్రీల అనుభవం’ అనే ఒకే పెట్టెలో పెట్టడం పార్టీ చరిత్రలు చేసిన పొరపాటును మరో రూపంలో చేయడమే.

పఠన పద్ధతి

పై పరిశీలన నుంచి మూడు సూచనలు చేయవచ్చు. ఒకటి, ప్రతి వాక్యంలో కర్త ఎవరో చూడాలి. ‘పార్టీ నిర్ణయించింది’, ‘ప్రజలు కదిలారు’ అనే వాక్యాల మధ్య జారిపోయినది గ్రామశాఖే. తెలుగు గద్యంలో గౌరవ బహువచనం ఎవరికి దక్కుతున్నది, ‘వాడు’, ‘ఆమె’, ‘అది’ ఎవరికి మిగులుతున్నది అన్నది కూడా ఇందులో భాగమే. రెండు, ఒకే ఊరికి సంబంధించిన భిన్న ప్రక్రియల రచనలను పక్కపక్కన ఉంచి చదవాలి. విసునూరు, కడవెండి, పాలకుర్తి, కామారెడ్డిగూడెం ఒకే దేశ్‌ముఖ్ పెత్తనం కింద నలిగిన ప్రాంతం కనుక ఇటువంటి పఠనానికి ఎంతో అనువైనది. మూడు, రచనల మధ్య వైరుధ్యాన్ని దోషంగా కాక ఆధారంగా గ్రహించాలి. ఒకే ఘటనలో ఒకరు సంఘాన్ని, మరొకరు పార్టీని, ఇంకొకరు ఇరుగుపొరుగును చూస్తే ఆ మూడు చూపుల మధ్య దూరమే ఆ శాఖ నిర్మాణం.

ముగింపు

స్థానిక శాఖ చరిత్రను పార్టీ చరిత్రకు అనుబంధంగా రాసినంతకాలం, పార్టీ గెలిచిన చోట అది గెలుపుగా, ఓడిన చోట ఓటమిగా, చీలిన చోట ఆస్తి తగాదాగా మిగులుతుంది. ఆ ఊరి మనుషులు తమకోసం ఏ న్యాయాన్ని, ఏ మర్యాదను, ఏ భూమిని ఊహించుకున్నారో ఆ లెక్కల్లోకి రాదు. నాటి సాక్షులు దాదాపుగా కనుమరుగైన ఈ దశలో వాఙ్మూలాలను కొత్తగా పెంచుకొనే అవకాశం తక్కువ. ఉన్న రచనలను కొత్తగా చదివే బాధ్యత మాత్రం తెలుగు సాహిత్య పరిశోధనదే. గ్రామాలవారీ పాఠ్యసంపుటాలను కూర్చడం, ఒక్కొక్క ఊరి పేరు మీద చరిత్రను, నవలను, వాఙ్మూలాన్ని, పాటను కలిపి పరిశీలించడం ఆ దిశలో తొలి పని. అప్పుడు సంఘం ఒక పార్టీకి కింది మెట్టుగా కాక, ఒక ఊరు తన్ను తాను పాలించుకోవాలని చేసిన ప్రయత్నంగా అర్థమవుతుంది.